మధ్యాహ్నానికి జారిపోయే శృతి: గుణుపూర్ నుంచి వచ్చిన ఒక సింథ్ కేసు

ఫిబ్రవరి చివరిలో ఒడిశాలోని గుణుపూర్ నుంచి ఒక కుర్రాడు బస్సులో మా ఊరు రాయగడ వచ్చాడు. ఒళ్లో చెక్కపెట్టె, దాని చుట్టూ దుప్పటి. పెట్టెలో ఉన్నది తన చేత్తో కట్టుకున్న అనలాగ్ సింథసైజర్. స్వరం పుట్టించే ఆసిలేటర్ ఒకటి, దాన్ని మలిచే ఫిల్టర్ ఒకటి, ధ్వని ఎలా లేచి ఎలా తగ్గాలో నడిపే ఎన్వలప్ ఒకటి, మూలపడ్డ కీబోర్డు నుంచి విప్పిన మెట్లు, అన్నీ వెరోబోర్డు (రంధ్రాల సర్క్యూట్ బోర్డు) మీద. టంకాలు శుభ్రంగా ఉన్నాయి. వైర్లను రంగుల వారీగా కట్టలు కట్టాడు. చూడగానే ముచ్చటేసింది.

నేను పాతికేళ్లకు పైగా ఒక పేపర్ మిల్లులో ఇన్‌స్ట్రుమెంటేషన్ పని చేశాను. ఇప్పుడు ఇంటి ముందు గదిలో కీబోర్డులు, ఆంప్లిఫయర్లు బాగుచేస్తున్నాను. రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి, జయపురం వైపు నుంచి భజన బృందాలవాళ్లు, పెళ్లి బ్యాండ్లవాళ్లు వస్తుంటారు. సొంతంగా సింథ్ కట్టుకుని తెచ్చినవాడు మాత్రం ఇతనే మొదలు.

"మాస్టారూ, పొద్దున్న బాగానే పలుకుతాది. మజ్జానం అయ్యేసరికి శృతి పోతాది. ఏటి మార్చినా అంతే" అన్నాడు. కాసేపాగి, "నాన్నగారేమో యంత్రం కాదు, నీ చెవే బాగోలేదంటారు" అన్నాడు. వాళ్ల నాన్నగారు నలభై ఏళ్లుగా భజనల్లో హార్మోనియం వాయిస్తున్నారు. అలాంటి మనిషి నోట ఆ మాట వస్తే కొడుక్కి ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. ఈ కేసును ఇంత వివరంగా రాయడానికి సగం కారణం ఆ మాటే.

మార్కెట్లో కీబోర్డు కొనుక్కోవచ్చు కదా అని అడిగాను. మెట్టుకీ మెట్టుకీ మధ్య ఉన్న చోటు తనకు కావాలన్నాడు. గమకం అక్కడే ఉంటుంది. 1982లో ముంబైలో హిందీ సినిమాల వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ రోలాండ్ కంపెనీ యంత్రాలు టీబీ-303, టీఆర్-808, జూపిటర్-8 పెట్టుకుని రాగాలు వాయించి రికార్డు చేశాడు. 303లో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే స్లైడ్ విని ఈ కుర్రాడికి నిద్రపట్టలేదట. ఆ జారుడు తన పెట్టెలోంచి రావాలని రెండేళ్లు కూర్చుని కట్టాడు.

మొదటిసారి నేను చేసిన తప్పు

అప్పటికే అతను 7812, 7912 రెగ్యులేటర్లు, రెండు ఆప్-ఆంపులు, మూడు పొటెన్షియోమీటర్లు మార్చి ఉన్నాడు. నేను కూడా ముందు పవర్ సప్లైనే అనుమానించాను. మా వైపు మధ్యాహ్నం కరెంటు వోల్టేజీ పడిపోవడం మామూలే. వేరియాక్ (వోల్టేజీని కోరినంత తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్) పెట్టి మెయిన్స్ 230 నుంచి 185 దాకా దించినా లోపలి ±12 వోల్టులు కదల్లేదు. మూడు గంటలు ఆన్‌లో ఉంచి, ఎ3 మెట్టు (పాశ్చాత్య పద్ధతిలో 220 హెర్ట్జ్ పలకాల్సిన స్వరం) నొక్కి ఫ్రీక్వెన్సీ కౌంటర్ చూశాను. 220 హెర్ట్జ్. గంట తర్వాత 219.9. ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను. రెగ్యులేటర్ల దగ్గర రెండు డీకప్లింగ్ కెపాసిటర్లు చేర్చి, బాగుందని చెప్పి పంపేశాను.

తప్పు నాది. ఒక్క స్వరం మాత్రమే కొలిచాను. ట్రాన్స్‌మిటర్ (కొలతను సిగ్నల్‌గా పంపే పరికరం) కాలిబ్రేషన్‌లో సున్నా దగ్గర ఒకటి, పైకొస దగ్గర ఒకటి, మధ్యలో కనీసం ఒకటి చూడకుండా సంతకం పెట్టకూడదని మిల్లులో అప్రెంటిస్‌లకు నేర్పినవాణ్ణి నేనే. ఆ నియమం ఇక్కడ పాటించలేదు. పైగా నేను ఎంచుకున్న ఎ3, ఆ ఆసిలేటర్‌లో అస్సలు కదలని చోటు. అది తర్వాత తెలిసింది.

ఏప్రిల్, గుణుపూర్

ఏప్రిల్ రెండోవారంలో ఫోన్ చేశాడు. గొంతులో ఏడుపొక్కటే తక్కువ. ఈసారి నేనే వెళ్లాను. సంచిలో కౌంటర్, డిజిటల్ థర్మామీటర్, కచ్చితమైన వోల్టేజీ ఇచ్చే ప్రాసెస్ కాలిబ్రేటర్, హెయిర్ డ్రయ్యర్ పెట్టుకున్నాను. కాలిబ్రేటర్ తీసుకెళ్లడానికి కారణం ఉంది. మెట్ల నుంచి ఆసిలేటర్‌కు వెళ్లేది ఒక వోల్టేజీ. ఒక వోల్టు పెరిగితే ఒక ఆక్టేవ్ (ఒక స్థాయి) పైకి. 1960ల్లో సింథ్‌ల రూపకర్త బాబ్ మోగ్ వాడుకలోకి తెచ్చిన కొలత ఇది. నేటికీ అనలాగ్ సింథ్‌లలో ఎక్కువ భాగానికి అదే కొలత. శృతి జారుతోందంటే ఆ వోల్టేజీ తప్పు కావచ్చు, వోల్టేజీని స్వరంగా మార్చే భాగం తప్పు కావచ్చు. మెట్లను పక్కనపెట్టి కాలిబ్రేటర్‌తో సరిగ్గా 1.000, 2.000, 3.000 వోల్టులు ఇస్తే సగం అనుమానం ఒక్క దెబ్బకు తీరుతుంది.

అతని గది మేడమీద, సిమెంటు రేకుల కింద. పొద్దున్న ఏడింటికి పెట్టె లోపల 26 డిగ్రీలు. ఎ2 దగ్గర 110, ఎ3 దగ్గర 220, ఎ4 దగ్గర 440, ఎ5 దగ్గర 880. అన్నీ చక్కగా కూర్చున్నాయి. తొమ్మిదిన్నరకు ఫ్యాన్ వేశాడు. వేసిన నిమిషంలో స్వరం ఊగడం మొదలైంది. ఎ3తో సహా అన్నీ ఒకేసారి పైకీ కిందకీ, ఇరవై ముప్పై సెంట్ల మేర. (ఒక అర్ధస్వరాన్ని వంద భాగాలు చేస్తే ఒక భాగం ఒక సెంటు.) ఫ్యాన్ ఆపితే పావుగంటలో కుదురుకుంది. దొరికింది అనుకున్నాను. కానీ అతను చెప్పిన జబ్బు ఇది కాదు. అది ఊగడం కాదు, జారడం.

రెండింటికి పెట్టె లోపల 37 డిగ్రీలు. ఫ్యాన్ ఆపే ఉంది, చెమటలు కారుతున్నాయి. అప్పుడు వాళ్ల నాన్నగారు పైకొచ్చారు. కుర్రాణ్ణి మూడు స్థాయిల్లో సరళీస్వరాలు వాయించమన్నారు. కళ్లు మూసుకుని విని, "మాస్టారూ, ఇది ఊరికే దిగిపోడం కాదండీ. కింది స్థాయి ఎక్కుతున్నాది, పై స్థాయి దిగుతున్నాది. నడుమ మాత్రం నిలబడ్డాది" అన్నారు.

ఆ ఒక్క మాటతో కేసు తేలిపోయింది. కౌంటర్ పెట్టి చూస్తే ఎ3 దగ్గర 219.5, అంటే దాదాపు కదల్లేదు. ఎ4 దగ్గర 440 ఉండాల్సింది 428.3. ఎ5 దగ్గర 880కి బదులు 835.9, ఇది 89 సెంట్ల తరుగు, పూర్తి అర్ధస్వరానికి పదకొండు సెంట్లే తక్కువ. ఎ2 దగ్గర 110 ఉండాల్సింది 112.5. కాలిబ్రేటర్ ఇచ్చే వోల్టులు అవే, స్వరాలు మాత్రం ఇవి. అంటే మెట్లకు, కీబోర్డు సర్క్యూట్‌కు ఏ పాపమూ తెలియదు.

కొడుకు చెవిలో తప్పు లేదని అక్కడే, ఆయన ముందే చెప్పాను. ఆయన కుర్రాడి వైపు చూసి, "మరి నాకు ముందే ఇనిపించలేదురా, పొద్దున్నే ఇనేవోణ్ణి కదా" అన్నారు. నిజమే, ఆయన భజన సాధన తెల్లవారుజామున.

ఎందుకు అలా

అన్ని స్వరాలూ ఒకే వంతున జారితే కారణం ఒకచోట వెతకాలి: టైమింగ్ కెపాసిటర్, రిఫరెన్స్ కరెంటు, పవర్ సప్లై. ఒక స్వరం నిలబడి, దాని నుంచి దూరం పెరిగేకొద్దీ తేడా పెరిగితే అది స్కేల్ తప్పు, వెతకాల్సింది ఎక్స్‌పొనెన్షియల్ కన్వర్టర్‌లో. ఈ రెండింటినీ వేరుచేయకుండా పార్టులు మారిస్తే డబ్బులు పోతాయే తప్ప జబ్బు పోదు. కుర్రాడు పోగొట్టుకున్నది అలాగే. నేను మొదటిసారి చేసిందీ అదే.

ఆ కన్వర్టర్ పని ఇది. మన చెవికి ఆక్టేవ్ అంటే ఫ్రీక్వెన్సీ రెట్టింపు కావడం. ఒక్కో వోల్టు కలిపినప్పుడల్లా కరెంటు రెట్టింపు కావాలి. ట్రాన్సిస్టర్‌కు ఆ గుణం పుట్టుకతోనే ఉంది: బేస్‌కూ ఎమిటర్‌కూ మధ్య వోల్టేజీ సుమారు 18 మిల్లీవోల్టులు పెరిగితే కలెక్టర్ కరెంటు రెట్టింపవుతుంది. అందుకే వచ్చిన వోల్టును రెండు రెసిస్టర్ల డివైడర్‌తో 18 మిల్లీవోల్టులకు తగ్గించి ట్రాన్సిస్టర్‌కు ఇస్తారు. చిక్కంతా ఆ 18 దగ్గరే. అది పరమ ఉష్ణోగ్రతతో (మైనస్ 273 డిగ్రీల నుంచి లెక్కించేది) పాటు పెరుగుతుంది. 26 డిగ్రీల దగ్గర 17.9, 37 దగ్గర 18.5. డివైడర్ మాత్రం పొద్దున్న ట్యూన్ చేసిన 17.9నే ఇస్తూ ఉంటుంది. ఆక్టేవ్ నిండదు. డిగ్రీకి 0.33 శాతం చొప్పున పదకొండు డిగ్రీలకు ఒక్కో ఆక్టేవ్ 43 సెంట్లు కుంచించుకుపోతుంది. కన్వర్టర్‌లో జంటగా ఉండే రెండు ట్రాన్సిస్టర్లకూ సమానమైన వోల్టేజీ పడే చోటు ఎటూ కదలదు. ఈ పెట్టెలో ఆ చోటు ఎ3 దగ్గర పడింది. దాని పైన ఉన్నవి దిగుతాయి, కింద ఉన్నవి ఎక్కుతాయి. నాన్నగారు విన్నది అక్షరాలా అదే.

ఫ్యాన్ ఊపు వేరే కథ. కన్వర్టర్‌లో ట్రాన్సిస్టర్లు జంటగా ఉండేది ఒకదాని వేడి తేడాను ఇంకొకటి కొట్టేయడానికి. బేస్-ఎమిటర్ వోల్టేజీ డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు మారుతుంది. జంటలో ఒకటి రెండోదానికంటే అర డిగ్రీ వేడెక్కితే ఒక మిల్లీవోల్టు తేడా, అంటే 67 సెంట్లు. కుర్రాడు రెండు బీసీ547 ట్రాన్సిస్టర్లను రెండు సెంటీమీటర్ల ఎడంగా పెట్టాడు. ఒకటి రెగ్యులేటర్ హీట్‌సింక్ పక్కన, ఇంకొకటి గాలి తగిలే చోట. ఫ్యాన్ గాలికి వాటి మధ్య 0.2 డిగ్రీల తేడా వచ్చినా చాలు, మేం విన్న ఊపు వస్తుంది. హెయిర్ డ్రయ్యర్‌తో ఒకే ట్రాన్సిస్టర్ మీద క్షణంపాటు గాలి ఊదితే స్వరం ఎగిరిపడింది. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని నవ్వాం.

ఇది అతని ఒక్కడి చిక్కు కాదు. 1970లో వచ్చిన మినీమోగ్ సింథ్‌ను వేదిక మీద మధ్యమధ్యలో ట్యూన్ చేసుకుంటూ వాయించేవాళ్లు. 1978 నాటి ప్రాఫెట్-5 సింథ్‌లో ఆసిలేటర్లను తనంతట తాను సరిచేసుకునే ట్యూన్ బటన్ పెట్టాల్సి వచ్చింది. రోలాండ్ 1982లో జూనో-6తో మొదలుపెట్టి పిచ్‌ను డిజిటల్ గడియారానికి కట్టేసింది. తర్వాతి ఏడాది యమహా డీఎక్స్7 పూర్తి డిజిటల్‌గా వచ్చాక ఈ వేడి గొడవే లేకుండా పోయింది. రేకుల కింద ఒంటరిగా కూర్చుని అతను ఎదుర్కొన్నది, పెద్ద పెద్ద ఇంజనీర్లు ఏళ్ల తరబడి తలపట్టుకున్న సమస్య. ఆ సంగతి చెప్పాక అతని ముఖంలో వచ్చిన వెలుగు చూసి, ఎండలో అంత దూరం వచ్చిన అలసట మర్చిపోయాను.

చేసిన పని

ముందు జంట. అతని దగ్గర ముప్ఫై బీసీ547లున్నాయి. ఒకే కరెంటు పంపి ఒక్కోదాని వోల్టేజీ కొలిచి, మిల్లీవోల్టు లోపు కలిసే రెండింటిని ఏరాం. చేత్తో పట్టుకుంటే వేడెక్కి లెక్క తప్పుతుంది. సాకెట్‌లో గుచ్చి రెండు నిమిషాలు ఆగి చదవాలి. ఈ పనికే గంటన్నర పట్టింది. ఏరిన వాటి చదును ముఖాలను థర్మల్ పేస్ట్‌తో అంటించి, రాగి రేకు చుట్టి, పైన హీట్‌ష్రింక్ తొడిగాం. హీట్‌సింక్‌కు దూరంగా, బోర్డు అవతలి కొసకు మార్చాం. పైన థర్మోకోల్ టోపీ. ఫ్యాన్ ఊపు అక్కడితో పోయింది.

తర్వాత స్కేల్. దీనికి ప్రత్యేకంగా టెంప్కో రెసిస్టర్ దొరుకుతుంది, డిగ్రీకి 0.33 శాతం పెరిగేది. డివైడర్ కింది కాలులో (భూమి వైపు ఉండే రెసిస్టర్ చోట) దాన్ని పెడితే, వేడికి ట్రాన్సిస్టర్ ఎంత ఎక్కువ అడుగుతుందో డివైడర్ అంత ఎక్కువ ఇస్తుంది. మా ఊళ్లో ఏ కొట్లోనూ అది దొరకదు. నాకు మాత్రం జీవితమంతా చేతిలో మసిలిన వస్తువు ఒకటుంది: వేడిని కొలిచే ప్లాటినం ఆర్‌టీడీ. మిల్లులో ఎక్కువగా పీటీ100లు. ఇక్కడికి సరిపోయేది పీటీ1000. సున్నా డిగ్రీల దగ్గర 1000 ఓములు, వేడితో క్రమంగా పెరుగుతుంది. ఆన్‌లైన్‌లో తెప్పించి, రెండు వారాల తర్వాత మళ్లీ వెళ్లాను.

ఇక్కడ ఇంకో తప్పు చేశాను. ఇలాంటి పనికి దిగేవాళ్లకు పనికొస్తుందని చెబుతున్నాను. ప్లాటినం పెరుగుదల 0.385 శాతం అని మా వృత్తిలో అందరికీ కంఠస్థం. కావాల్సింది 0.33. ఆ ఎక్కువను పలచన చేయడానికి వేడికి మారని రెసిస్టర్‌ను సిరీస్‌లో కలిపితే సరి అని లెక్కవేసి, 160 ఓములు పెట్టాను. మధ్యాహ్నానికి ఎ5 ఇంకా 874.2 దగ్గరే ఉంది, 11 సెంట్ల తరుగు. మునుపటితో పోలిస్తే చాలా మేలు. కుర్రాడు చాలన్నాడు. నాకు తృప్తి కలగలేదు.

రాత్రి వాళ్లింట్లోనే పడుకున్నాను. భోజనాలయ్యాక కాగితం మీద మళ్లీ లెక్కవేస్తే తెలిసింది. 0.385 అనేది సున్నా డిగ్రీల నాటి విలువతో పోల్చి చెప్పే లెక్క. 30 డిగ్రీల దగ్గర పీటీ1000 ఇప్పటికే 1117 ఓములు. డిగ్రీకి పెరిగేది 3.87 ఓములు. అంటే అక్కడ దాని నిష్పత్తి 0.347 శాతమే. పలచన చేయాల్సింది చాలా తక్కువ. దానికి తోడు, డివైడర్‌లో కింది కాలు పెరిగితే మొత్తం కూడా కొద్దిగా పెరుగుతుంది కాబట్టి అక్కడ ఇంకో రెండు శాతం ప్రభావం తగ్గుతుంది. రెండూ కలిపి చూస్తే సిరీస్ రెసిస్టర్ 36 ఓములు రావాలి. దొరికే విలువ 39. పై కాలు సుమారు 63 కిలో ఓములు కావాలి. 60.4 కిలో ఓముల మెటల్ ఫిల్మ్‌కు 5 కిలో ఓముల మల్టీటర్న్ ట్రిమ్మర్ జతచేశాం. పీటీ1000ను ట్రాన్సిస్టర్ జంటకు ఆనించి అదే రాగి రేకులో చుట్టాం. ఎక్కడో బోర్డు మీద పెడితే అది బోర్డు వేడి చదువుతుంది, ట్రాన్సిస్టర్ వేడి కాదు.

డివైడర్‌లో, ఆప్-ఆంప్ చుట్టూ ఉన్న కార్బన్ రెసిస్టర్లన్నీ తీసి ఒక శాతం మెటల్ ఫిల్మ్ వేశాం. టైమింగ్‌కు అతను ముందే పాలిస్టైరీన్ కెపాసిటర్ వాడాడు. మామూలు సిరామిక్ వేసి ఉంటే ఎ3 కూడా నిలబడేది కాదు, జబ్బు ఇంత స్పష్టంగా విడిపోయి కనిపించేదీ కాదు. ఆ ఎంపిక అతనిదే.

సీఈఎం3340 ఎందుకు వేయలేదని ఎవరైనా అడగొచ్చు. ఈ వేడి సవరణ లోపలే ఉన్న ఆసిలేటర్ చిప్ అది. తర్వాతి రకం ప్రాఫెట్-5లోనూ, రోలాండ్ ఎస్‌హెచ్-101లోనూ ఉన్నది అదే. దాన్ని పోలిన ఏఎస్3340 ఇప్పటికీ తయారవుతోంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నన్నడిగితే అదే వేయమంటాను. ఈ కుర్రాడికి మాత్రం తను కట్టిన సర్క్యూటే పలకాలని పట్టుదల. ఆ పట్టుదల నాకు నచ్చింది.

ఫలితం

మే నెలలో రెండు రోజులు కొలిచాం. పొద్దున్న 26 దగ్గర ట్యూన్ చేసి, మధ్యాహ్నం 37 దగ్గర చూస్తే ఎ3 దగ్గర 219.6, ఎ4 దగ్గర 439.1, ఎ5 దగ్గర 877.5. అంటే అన్నీ మూడు నుంచి ఐదు సెంట్ల లోపు, దాదాపు ఒకే వంతున. స్వరాల మధ్య దూరాలు నిలబడ్డాయి. మిగిలిన ఆ కాస్తను ఫైన్ ట్యూన్ నాబ్ అర మిల్లీమీటరు తిప్పితే సరిపోతుంది. ఆన్ చేశాక ఇరవై నిమిషాలు వేడెక్కనిచ్చి ట్యూన్ చేయమని పెట్టె మూత లోపల కాగితం అంటించాను.

ఆ సాయంత్రం మేడమీద నాన్నగారు హార్మోనియం పట్టారు. కుర్రాడు మోహనంలో గాంధారం మీంచి పంచమానికి మెల్లగా జారాడు. ఆయన హార్మోనియం తిత్తి ఆడించడం ఆపలేదు, మెట్టు మీద వేలు తీయలేదు. తల మాత్రం ఊపారు. తర్వాత అదే సంగతి మళ్లీ వాయించమన్నారు. అలా మూడుసార్లు.

ఇంకో పని మిగిలింది. 2000 హెర్ట్జ్ దాటాక పై స్వరాలు చల్లటి పూట కూడా నాలుగైదు సెంట్లు తగ్గుతున్నాయి. ఇది వేడి వల్ల కాదు. ప్రతి ఆవృత్తం చివర కెపాసిటర్ ఖాళీ కావడానికి ఒక మైక్రోసెకను పైన పడుతోంది. కింది స్వరాల్లో అది లెక్కలోకి రాదు, పైకి వెళ్లేకొద్దీ ఆవృత్తం చిన్నదై అదే పెద్ద భాగం అవుతుంది. కెపాసిటర్‌కు సిరీస్‌లో చిన్న రెసిస్టర్ వేసి ఆ ఆలస్యాన్ని పూడ్చాలి. విలువ ఎంతో ఆసిలోస్కోప్ మీద రీసెట్ వెడల్పు (కెపాసిటర్ ఖాళీ అయ్యే సమయం) కొలిచాకే చెప్పగలను. నా స్కోప్ బరువైనది, బస్సులో మోయలేను. దసరా వెళ్లాక పెట్టెనే రాయగడ తెస్తానన్నాడు.